కర్రీ పాయింట్‌లో బిల్లింగ్ మిషన్ పెట్టి ఏడాది దాటింది, ఎలా ఉందో చెప్తా

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయట్లేదు. తిట్టేవి ఉన్నాయి, మెచ్చుకునేవీ ఉన్నాయి, పైగా ఇలాంటి మిషన్లు మార్కెట్లో బోలెడున్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఏది కొన్నా మీకు దాదాపు ఇవే తగుల్తాయి. మాది చేతిలో పట్టే ఆండ్రాయిడ్ మిషను, దానికే రెండంగుళాల ప్రింటరు, లోపల బిల్లింగ్ యాప్. మిషన్‌కి 11,500, యాప్‌కి ఏడాదికి 6,000, రెండిటి మీదా 18 శాతం జీఎస్టీ, మొత్తం 20,650 పడింది. 2025 జనవరిలో, సంక్రాంతి అయిపోయిన వారం పెట్టించాం.

మాది రాజమండ్రి, దేవీచౌక్‌కి దగ్గర్లో కర్రీ పాయింటు. మావయ్యగారు మొదలెట్టింది. వంట అత్తయ్యగారూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ, తెల్లారగట్ల మార్కెట్టుకెళ్ళి కూరగాయలు తెచ్చేది మా ఆయన, కౌంటర్లో మావయ్యగారు, ప్యాకింగ్‌కి ఓ కుర్రోడు, బీకాం చదివిన పాపానికి లెక్కలు నేను. రెండు పప్పులు, నాలుగైదు వేపుళ్ళు, పులుసులు, సాంబారు, చారు, రెండు రోటి పచ్చళ్ళు, పెరుగు, అన్నం పార్సిలు. పొద్దున పదకొండుకి మొదలైతే రెండింటిదాకా ఊపిరాడదు, మళ్ళీ సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదింటిదాకా. మిషను ఎందుకు కొన్నామంటే రెండు కారణాలు. ఒకటి జీఎస్టీ లెక్కలు, రోజుకి తొమ్మిది వేలు తిరిగినా ఏడాదికి 32 లక్షలు దాటిపోతుంది, హోటల్ లైన్లో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి మేం ఎప్పుడో లోపలే ఉన్నాం, కానీ ప్రతి మూడు నెలలకీ నేను మావయ్యగారి చిట్టా పుస్తకం ముందేసుకుని ఆయన రాసింది 1 ఆ 7 ఆ అని భూతద్దం పెట్టి చూసుకోవాల్సొచ్చేది. రెండోది 2027లో పుష్కరాలొస్తున్నాయి. 2015 పుష్కరాలప్పుడు ఆ పన్నెండు రోజులూ మా కొట్టు ముందు జనం ఎలా ఉన్నారంటే గల్లాపెట్టె చాలక అన్నం గంపలో నోట్లు వేసారు, అప్పటికి యూపీఐ అనేదే లేదు, అది వచ్చింది 2016లో. ఆ పన్నెండు రోజుల్లో ఎంత వచ్చిందో ఎంత పోయిందో ఇవాళ్టిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అత్తయ్యగారు "బాగా వచ్చింది" అంటారు, మావయ్యగారు "ఏం మిగల్లేదు" అంటారు, అంతే లెక్క. ఈసారైనా తెలియాలని నా పంతం.

ఇన్‌స్టాల్ చెయ్యడానికి వచ్చిన అబ్బాయి మంచోడే, పాపం వాడికి రెస్టారెంటు తెలుసు గానీ కర్రీ పాయింటు తెలీదు. మిషను తెరవగానే "టేబుల్స్ ఎన్ని మేడం" అన్నాడు. టేబుల్ లేదు నాయనా, అందరూ పట్టుకెళ్ళిపోతారు అన్నా. సరే అని మెనూ ఎక్కించడం మొదలెట్టాడు. "దొండకాయ ఫ్రై రేటు ఎంత సార్?" మావయ్యగారు, "ఎంతకి కావాలంటే అంతకి." వాడు తలెత్తి చూసాడు. "కాదు సార్, ఒక క్వాంటిటీకి ఇంత అని ఉంటుంది కదా." "గరిటె." "గరిటె అంటే ఎన్ని గ్రాములు సార్?" "మనిషిని బట్టండి." నేను నవ్వాపుకోలేక లోపలికెళ్ళిపోయా కానీ తర్వాత ఆలోచిస్తే మొత్తం సమస్యంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది.

ఎందుకంటే మా దగ్గరకొచ్చేవాళ్ళు ఎవరూ "ఒక కప్పు" అనరు. "నలభైకి దొండకాయ వెయ్యండి, ఇరవైకి సాంబారు, పదికి చారు, ముద్దపప్పు కాస్త ఎక్కువ వెయ్యండి మా అమ్మకి పళ్ళు లేవు" అంటారు. కుర్రోడు కవర్లో పోసి గాలి పట్టేలా తిప్పి దారంతో ముడేసి ఇచ్చాక "ఇంతేనా, ఇంకో గరిటె వెయ్యి బాబూ" అంటారు, వేస్తాడు. ఈ కొసరు ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలీదు. వాళ్ళ దృష్టిలో వస్తువుకి ఒక రేటు, ఒక లెక్క, గుణించు, బిల్లు కొట్టు. మాకు రేటే లెక్క. మొదటి రెండు వారాలు మావయ్యగారు ప్రతి కూరకీ "ఓపెన్ ప్రైస్" అనే చోట నొక్కి, కీబోర్డ్ వచ్చాక నాలుగు, సున్నా కొట్టి, ఓకే నొక్కి, మళ్ళీ ఇంకో కూర. ఒక్కో మనిషికి నాలుగు కూరలంటే పదహారుసార్లు వేలు పెట్టాలి. ఎదురుగా పదిహేను మంది నిలబడి ఉంటే ఆయన మిషన్ పక్కకి తోసేసి నోటితోనే "నలభై, ఇరవై, పది, పాతిక, తొంభై అయిదివ్వండమ్మా" అని డబ్బు తీసుకునేవారు, అది అరక్షణం పని. ఆయన నోటి లెక్కతో పోటీకి మిషను పనికిరాదని ఒప్పుకోవాల్సిందే.

దానికి మందు మాకు మేమే కనిపెట్టుకున్నాం, కంపెనీ వాళ్ళు చెప్పలేదు. ప్రతి కూరకీ రేటు పది రూపాయలు అని పెట్టేసా. నలభైకి దొండకాయ అంటే దొండకాయ బొమ్మ మీద నాలుగుసార్లు నొక్కడమే. పాతికకి అడిగేవాళ్ళ కోసం అయిదు రూపాయల బటన్ విడిగా ఒకటి. అంతే, స్పీడు వచ్చేసింది. కర్రీ పాయింటు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మీకు రెండు వారాలు మిగుల్తాయి.

ఇప్పుడు అసలు కోపమొచ్చిన విషయం. మేం కాంపోజిషన్ స్కీములో ఉన్నాం. అంటే అమ్మకం మొత్తం మీద అయిదు శాతం మా జేబులోంచి కట్టాలి, కస్టమర్ దగ్గర టాక్స్ అని విడిగా రూపాయి కూడా వసూలు చెయ్యకూడదు, బిల్లు మీద కూడా "టాక్స్ ఇన్వాయిస్" అని ఉండకూడదు, "బిల్ ఆఫ్ సప్లై" అని ఉండాలి, పైన కాంపోజిషన్ వాళ్ళమనీ టాక్స్ వసూలు చేసే అర్హత లేదనీ రాయాలి. ఇన్‌స్టాల్ చేసినబ్బాయి మా జీఎస్టీ నంబరు కొట్టి రెస్టారెంట్ అని సెలెక్ట్ చెయ్యగానే దానంతటది సీజీఎస్టీ రెండున్నర, ఎస్‌జీఎస్టీ రెండున్నర పెట్టేసుకుంది. మేం చూసుకోలేదు. మూడు రోజులు, మూడు రోజులండీ, బిల్లు మీద టాక్స్ పడుతూనే ఉంది, నూటికి నూట అయిదు. నాలుగో రోజు రోజూ వచ్చే ఒక పెద్దాయన, కమర్షియల్ టాక్స్‌లో రిటైరయ్యారు, కళ్ళజోడు సర్దుకుని బిల్లు చూసి "ఏమయ్యా నువ్వు కాంపోజిషన్ కదా, బోర్డు మీద రాసుకున్నావు, మరి ఇదేంటి" అన్నారు. మావయ్యగారికి చెమటలు పట్టేసాయి. ఆయన ఆ మూడు రోజుల్లో తెలిసిన మొహాలన్నిటికీ గుర్తున్నంతవరకు ఎక్కువ తీసుకున్న డబ్బులు వెనక్కిచ్చారు, కొందరికి పెరుగు కప్పు ఇచ్చి సర్దుబాటు చేసారు. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "సెట్టింగ్స్‌లో ఉంటుంది మేడం, మీరే మార్చుకోవచ్చు" అని చాలా తీరిగ్గా చెప్పారు. మార్చుకోవచ్చు సరే, కొనేటప్పుడు మీరు రెగ్యులరా కాంపోజిషనా అని ఒక్క ప్రశ్న అడిగితే ఏం పోయింది? టేబుల్స్ ఎన్ని అని అడగడం వచ్చు గానీ.

ఇంకోటి, సేల్స్ ఆయన "మిషను మీద కట్టిన జీఎస్టీ మీకు వెనక్కొచ్చేస్తుంది, ఇన్‌పుట్ క్రెడిట్" అని చెప్పి అమ్మాడు. రాదు. కాంపోజిషన్ వాళ్ళకి రాదు, కస్టమర్ దగ్గర అయిదు శాతం వసూలు చేసే మామూలు హోటళ్ళకి కూడా ఇన్‌పుట్ లేదు, 2017 నవంబరు నుంచి అంతే. కాబట్టి ఆ 3,150 రూపాయలు మా ఖర్చే. చిన్న హోటల్ వాళ్ళు ఏది కొన్నా, ఫ్రిజ్ అయినా మిషన్ అయినా, టాక్స్‌తో కలిపిందే అసలు ధర అనుకోవాలి.

మా సీఏ గారు చెప్పిన ఇంకో మంచి ముక్క ఏంటంటే, రెండొందల లోపు బిల్లుకి కస్టమర్ అడక్కపోతే విడిగా బిల్లు ఇవ్వక్కర్లేదు, రోజు చివర్న అన్నిటికీ కలిపి ఒకటి రాసుకుంటే చాలు. మా దగ్గర రెండొందలు దాటేది ఎంతమంది? అందుకని ఇప్పుడు ఎంట్రీ మాత్రం కొడతాం, ప్రింటు అడిగినవాళ్ళకే. మొదట్లో అందరికీ ఇచ్చేవాళ్ళం, "ఎందుకమ్మా ఈ కాయితం, సాంబారులో తడిసిపోతుంది" అని అక్కడే పడేసేవాళ్ళు, సాయంత్రానికి కొట్టు ముందంతా తెల్ల చీటీలు, అవి ఊడ్చడం ఒక పని. అడిగినవాళ్ళకి ఇచ్చే బిల్లు మీద మాత్రం ఫుడ్ లైసెన్స్ నంబరు ఉండాలి, ఆ పద్నాలుగు అంకెలది, 2022 జనవరి నుంచి రూలు. మా మిషన్లో దానికి చోటుంది, కాకపోతే రెండంగుళాల కాయితం కదా, చివరి అంకె కింది లైన్లోకి జారిపోతుంది. అక్షరం సైజు తగ్గించే ఆప్షన్ ఏడాదిగా అడుగుతున్నా, "నోట్ చేసుకున్నాం మేడం."

తెలుగు సంగతి. యాప్‌లో తెలుగు ఉంది అన్నారు, ఉంది, స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. ప్రింటు కొడితే గుత్తివంకాయలో త్త ముక్కలై "గుత్‌తి" అయిపోయి వంకాయ పక్క లైన్లోకి పోయింది. తర్వాత తెలిసింది ఏంటంటే ఈ చిన్న ప్రింటర్ల లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయట, తెలుగు కావాలంటే యాప్ దాన్ని బొమ్మలాగా చేసి పంపాలి, ఆ బొమ్మ చెయ్యడంలో వీళ్ళది కక్కుర్తి. ఒక అప్‌డేట్ తర్వాత ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి గానీ బిల్లు రావడానికి మూడు సెకన్లు ఎక్కువ పడుతుంది, రష్షులో మూడు సెకన్లంటే మాటలు కాదు. కాబట్టి స్క్రీన్ మీద తెలుగు, కాయితం మీద ఇంగ్లీషు. మావయ్యగారికి స్క్రీన్ తెలుగు చాలు. దొండకాయకి దొండకాయ ఫోటో, బెండకాయకి బెండకాయ ఫోటో నేనే తీసి పెట్టా, లేకపోతే ఆ యాప్‌లో వచ్చే ఫోటోలన్నీ పనీర్ బటర్ మసాలా లాంటివే, మనకెందుకవి.

టచ్ స్క్రీన్ గురించి ఎవరూ రివ్యూల్లో రాయరు గానీ మాకు అదే పెద్ద గొడవ. కూరల కౌంటర్లో చేతికి నూనె ఉంటుంది, పసుపు ఉంటుంది, ఆవిరి ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి సాంబారు గిన్నె మూత తీస్తే స్క్రీన్ మీద తడి, ఆ తడికి అది దానంతటది బటన్లు నొక్కేసుకునేది, ఒకరోజు ఒకావిడకి ఎనభై గోంగూర పప్పులు బిల్లు కొట్టేసింది. పైన పాలిథిన్ కవర్ తొడిగితే వేలు నొక్కింది తెలిసేది కాదు. ఇప్పుడు మిషన్‌ని గిన్నెలకి దూరంగా ఎడమచేతి వైపు జరిపి, పక్కన పొడి గుడ్డ పెట్టి, మావయ్యగారు డబ్బులూ మిషనూ మాత్రమే ముట్టుకుంటారు, గరిటె ముట్టుకోరు. ఇంతకుముందు రష్షులో ఆయన కూడా వడ్డించేసేవారు. అందుకని రెండో కుర్రోణ్ణి మధ్యాహ్నం పూట పెట్టుకోవాల్సొచ్చింది, ఆ జీతం కూడా మిషన్ ఖర్చులో రాసుకోవాలని నా వాదన, మా ఆయన ఒప్పుకోరు.

డబ్బులు తీసుకోవడం మాత్రం మిషన్‌తో కాదు. దాంట్లో బిల్లుకి సరిపడా క్యూఆర్ స్క్రీన్ మీద వస్తుంది, చూడ్డానికి బావుంటుంది, కస్టమర్ అంకె కొట్టక్కర్లేదు. కానీ ఆ డబ్బులు మా ఖాతాలోకి మర్నాడు పొద్దున తొమ్మిదీ పదింటికి గానీ పడవు, వెంటనే కావాలంటే చార్జీ. మా ఆయన నాలుగున్నరకి మార్కెట్లో వంకాయల ముందు నిలబడి ఉంటారు, నిన్నటి డబ్బు పదింటికొస్తే ఏం చెయ్యను? యూపీఐ మీద షాపు వాళ్ళ దగ్గర చార్జీ తీసుకోకూడదని 2020 నుంచి ఉంది కదా, మరి మన డబ్బు మనకి ఇవ్వడానికి మళ్ళీ చార్జీ ఏంటో. సో, గోడ మీద పాత క్యూఆర్ స్టిక్కరే, పక్కన డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే ఆ మాట్లాడే డబ్బానే. మా కౌంటర్లో ఏ పరికరానికైనా అయిదు స్టార్లు ఇవ్వాలంటే ఆ మాట్లాడే డబ్బాకి ఇస్తా. స్క్రీన్‌షాట్ చూపించి వెళ్ళిపోయేవాళ్ళు ఉండేవారు, ఫోన్ తిప్పి చూపిస్తారు, మావయ్యగారికి చత్వారం, సరే అనేస్తారు. డబ్బా వచ్చాక అది అరిస్తేనే కవరు చేతికి. మధ్యలో మహేష్ బాబు గొంతు కూడా పెట్టుకోవచ్చని వచ్చింది, కుర్రోడు పెట్టేసాడు, రెండు రోజులకి అత్తయ్యగారు లోపల్నుంచి "ఎవరో అబ్బాయి పొద్దస్తమానం మాట్లాడుతున్నాడు, ఎవరు" అన్నారు.

ఇక ఖాతాల కథ. మాకు నెల ఖాతాలు ఒక పాతిక దాకా ఉంటాయి, దగ్గర్లో గదుల్లో ఉండే బ్యాచిలర్లు, ఇద్దరు ముగ్గురు ఒంటరి పెద్దవాళ్ళు, ఒక ఆఫీసు. ఒకటో తారీఖు దాటాక ఇస్తారు, ఒక్కోసారి పదో తారీఖు. యాప్‌లో ఖాతా అనే చోట పేరూ నంబరూ ఎక్కిస్తే ఎవరెంత ఇవ్వాలో చక్కగా చూపిస్తుంది. నేను సంబరపడిపోయి అందరివీ ఎక్కించా. నాకు తెలీని విషయం ఏంటంటే ముప్పై రోజులు దాటితే దానంతటదే మెసేజ్ పంపేలా అందులో ఆన్ చేసి ఉంది. ఒకరోజు పొద్దున్నే ఎనిమిదింటికి, ఇంకా కొట్టు తియ్యలేదు, ఒక మాస్టారు, మా కొట్టు పెట్టిన కొత్తలోంచీ తింటున్నారాయన, భార్య పోయాక రెండు పూటలా మా కూరే, షట్టర్ ముందు నిలబడి ఉన్నారు. చేతిలో ఫోను. 1,340 రూపాయలు ఓవర్‌డ్యూ, వెంటనే చెల్లించండి అని ఇంగ్లీషులో, మా కొట్టు పేరుతో. ఆయన ఏం అరవలేదు. మూడు అయిదొందల నోట్లు కౌంటర్ మీద పెట్టి "చిల్లర ఉంచండి, మెసేజ్ పెట్టించుకునేదాకా తెచ్చుకున్నాను, నాదే తప్పు" అని వెళ్ళిపోయారు. మావయ్యగారు నా వైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. ఆ సాయంత్రం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళి అది మిషను పంపిందండీ మేం కాదు అని చెప్తే "మిషను మీదే కదమ్మా" అన్నారు. నిజమే కదా. నెలన్నర రాలేదు. కార్తీక మాసంలో ఉల్లి లేని కూరలు మా దగ్గరే దొరుకుతాయి కాబట్టి మళ్ళీ రావడం మొదలెట్టారు, ఇప్పుడు మాత్రం ఏ పూటకాపూట డబ్బిచ్చేస్తారు, ఖాతా వద్దంటారు. ఖాతాలన్నీ యాప్‌లోంచి తీసేసా, మళ్ళీ పుస్తకంలోకి. ఇది కొనేవాళ్ళు ముందు ఆ రిమైండర్ ఆపేసి తర్వాత మిగతా పని చూడండి.

ఇంత తిట్టి మరి ఎందుకు వాడుతున్నావు అంటారేమో. చెప్తా. మొదటి రెండు నెలల రిపోర్టు చూసి నాకు నీరసమొచ్చింది. ఆదివారం కూరలు తక్కువ పోతాయి, అందరూ ఇంట్లో చికెన్ వండుకుంటారు. శనివారం పప్పు ఎక్కువ పోతుంది. నెలాఖర్న చారు, పచ్చడి ఎక్కువ, వేపుళ్ళు తక్కువ. ఇవన్నీ చూసి మావయ్యగారు "ఇది తెలుసుకోడానికి ఇరవై వేలా" అన్నారు, ఆయనకి నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అప్పుడు నాకు తట్టింది, ఈ మిషను అమ్మింది మాత్రమే చెప్తుంది. మాకు నష్టం అమ్మకంలో లేదు, గిన్నెలో ఉంది. రాత్రి తొమ్మిదింటికి గిన్నెలో ఎంత మిగిలింది, అది దానికి తెలీదు. ఎనిమిదింటికే సాంబారు అయిపోయి "లేదండీ" అని పంపించేసినవాళ్ళు ఎంతమంది, అదీ తెలీదు. లేదు అనిపించుకుని వెళ్ళినోళ్ళు ఏ రిపోర్టులోనూ ఉండరు.

అందుకని "లేదు" అని ఒక ఐటెం పెట్టా. లేదు-సాంబారు, లేదు-పప్పు, లేదు-వేపుడు. ఎవరైనా అడిగి ఖాళీ చేతుల్తో వెళ్తే దాన్నొకసారి నొక్కాలి. అలాగే "మిగులు" అని ఇంకో వరస, రాత్రి కట్టేసేటప్పుడు ప్రతి గిన్నెలో ఎన్ని గరిటెలు మిగిలాయో కుర్రోడు చెప్తుంటే నొక్కడం. ఈ యాప్ ధర సున్నా అంటే ఒప్పుకోదు, కనీసం రూపాయి పెట్టమంటుంది, కాబట్టి రూపాయి పెట్టి నూరు శాతం డిస్కౌంట్ కొట్టి బిల్లు సున్నా చేసాం. మూడు నెలల తర్వాత సీఏ గారు ఫోన్ చేసి "ఏంటమ్మా, లేదు అనే కూర మీద నూరు శాతం డిస్కౌంట్ ఇస్తున్నారు, ఏం కూర అది" అన్నారు.

ఆ రెండు వరసలు రెండు నెలలు నొక్కాక కనపడింది అసలు బొమ్మ. క్యాబేజీ వేపుడు రోజూ రాత్రికి దాదాపు కిలోన్నర మిగుల్తుంది, ఎందుకంటే మావయ్యగారికి కౌంటర్లో గిన్నె నిండుగా కనపడాలి, అడుగు కనపడితే బేరాలు పోతాయని ఆయన నమ్మకం. నమ్మకం తప్పు కాదు, నిజంగానే జనం నిండు గిన్నె వైపే చెయ్యి చూపిస్తారు. కాబట్టి గిన్నె చిన్నది చేసాం. అంతే. అదే కూర, వెడల్పు తక్కువ గిన్నె, నిండుగానే ఉంటుంది. మరోపక్క సాయంత్రం సాంబారు "లేదు" రోజుకి పన్నెండు, పదిహేను దాకా నొక్కుడు పడుతుంది. సాంబారు ఇరవైకే కొంటారు కానీ సాంబారు కోసం వచ్చినాయన ఉత్త సాంబారు కొనుక్కుని వెళ్ళడు కదా, వేపుడు కూడా తీసుకుంటాడు, అది లేదంటే మొత్తం పక్క వీధి కొట్టుకి పోతాడు. ఇప్పుడు ఏడింటికి రెండో విడత చిన్న కుక్కర్ పడుతుంది. రెండూ కలిపి రోజుకి మూడొందల యాభై, నాలుగొందల తేడా కనపడుతుంది. ఖచ్చితమైన లెక్క అని చెప్పను, కూరగాయల రేట్లు మారుతుంటాయి కదా, కానీ ఉంది. మిషను డబ్బు, సబ్‌స్క్రిప్షన్ అన్నీ మూడు నెలల్లోపే తేలిపోయాయి. తమాషా ఏంటంటే ఈ పనికొచ్చిన రెండు బటన్లూ కంపెనీ వాళ్ళవి కావు, మేం పెట్టుకున్నవి. సపోర్ట్ వాళ్ళకి చెప్తే "సూపర్ ఐడియా మేడం, నోట్ చేసుకున్నాం" అన్నారు. వాళ్ళ నోటు పుస్తకం మావయ్యగారి పుస్తకం కంటే పెద్దదయ్యుండాలి ఈపాటికి.

మధ్యలో ఒక భయం కూడా వచ్చింది, 2025 జూలైలో బెంగుళూరులో చిన్న కొట్లవాళ్ళకి యూపీఐలో వచ్చిన డబ్బు చూసి జీఎస్టీ నోటీసులిచ్చారని, వాళ్ళంతా "నో యూపీఐ" అని బోర్డులు పెట్టారని పేపర్లో వచ్చింది కదా. మావయ్యగారు పేపరు మడిచి తెచ్చి నా ముందు పెట్టి "నీ మిషను ఇలాంటిదేనా" అన్నారు. మనం ముందే రిజిస్ట్రేషన్‌లో ఉన్నాం, అమ్మిందంతా చూపించే కడుతున్నాం, మనకేం భయం అని చెప్పా. అయినా రెండు రోజులు ఆయన స్టిక్కర్ మీద తువ్వాలు వేసి ఉంచారు. మూడోరోజు సగం మంది జేబులో డబ్బుల్లేవని వెనక్కి తిరిగిపోతుంటే తువ్వాలు ఆయనే తీసేసారు. అసలు ఆ నోటీసుల గొడవలో నాకు అర్థమైంది ఏంటంటే డబ్బు ఎక్కడ పడిందో బ్యాంకుకి తెలుసు, ఏం అమ్మితే పడిందో మన దగ్గర కాయితం ఉండాలి. పాలూ కూరగాయలూ అమ్మేవాళ్ళకి టాక్సే లేని సరుకు ఉంటుంది, అది విడిగా చూపించుకోలేకపోతేనే చిక్కు. ఆ విషయంలో మిషను మంచిదే. ఇదివరకు మూడు నెలలకోసారి నాలుగు రాత్రుళ్ళు పట్టే పని ఇప్పుడు గంట, సీఏ గారికి ఒక ఫైల్ పంపితే చాలు. ఈ ఒక్కదానికి నేను వాళ్ళకి దణ్ణం పెడతా.

ఫుడ్ యాప్‌లతో కలిపే సౌకర్యం కూడా ఉందని సేల్స్ ఆయన తెగ చెప్పాడు, మేం ఆ జోలికి పోలేదు. ఇరవై రూపాయల సాంబారుకి కమీషనూ, కారిపోని డబ్బా ఖర్చూ పోను ఏం మిగుల్తుంది, డబ్బా కడుక్కుని దాచుకోవడానికి కస్టమర్‌కి మిగుల్తుంది. బిర్యానీ వాళ్ళకి గిట్టుబాటు అవుతుందేమో. మాకు దూరం నుంచొచ్చే ఆర్డర్లు వాట్సాప్‌లోనే, పొద్దున పదింటికి ఆ రోజు కూరలు బోర్డు మీద రాసి ఫోటో తీసి స్టేటస్ పెడతా, అంతే మా ఆన్‌లైన్.

సపోర్ట్ గురించి ఒక్క మాట. కొనకముందు వాళ్ళు మనకి రోజూ ఫోన్ చేస్తారు, కొన్నాక మనం వాళ్ళకి. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు వరకే ఎత్తుతారు, ఆదివారం సెలవు. హోటల్ వాళ్ళకి సాఫ్ట్‌వేర్ అమ్ముతూ ఆదివారం సెలవేంటండీ. ఒక ఆదివారం మధ్యాహ్నం నెట్ పోయి ఆఫ్‌లైన్‌లో కొట్టిన బిల్లులన్నీ నెట్ వచ్చాక రెండేసి సార్లు ఎక్కాయి, సోమవారం దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడు మమ్మల్ని కాపాడింది మావయ్యగారి చిట్టా పుస్తకం. అవును, ఆయన ఇంకా రాస్తున్నారు, మిషనులో కొట్టాక పుస్తకంలో కూడా. రాత్రి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు, తేడా వస్తే ముందు మిషన్నే అనుమానిస్తారు, ఎక్కువసార్లు తప్పు పుస్తకంలోనే ఉంటుంది, కానీ అన్నిసార్లూ కాదు.

స్టార్లు అడిగితే మూడు. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు పెట్టించుకున్న రోజే ఒక బిల్లు కొట్టించి టాక్స్ లైను ఉందో లేదో అక్కడే చూసుకోండి. గడువు అయిపోతే పాత రిపోర్టులు కూడా తెరుచుకోవు, మాకు రెన్యూవల్ నాలుగు రోజులు ఆలస్యమై ఆ నాలుగు రోజులూ ఏడాది లెక్కంతా తాళం పడిపోయింది, కాబట్టి నెలనెలా ఎక్సెల్‌లోకి దింపుకుని పెట్టుకోండి. మేం రెన్యూ చేసాం, ఈసారి 6,000 కాదు 7,200 అన్నారు, బేరమాడితే 6,500కి దిగారు, ఆ బేరం కూడా మావయ్యగారే ఆడారు. నిన్న రాత్రి ఎనిమిదిన్నరకి ఒకావిడ ముద్దపప్పు అడిగితే లేదమ్మా అన్నారు, ఆవిడ వెళ్ళిపోయాక చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే "లేదు-పప్పు" నొక్కి, లోపలికి తిరిగి "ఇది ఇవాళ ఆరోది, రేపు అరకిలో ఎక్కువ పొయ్యండి" అని అత్తయ్యగారికి కేకేసారు.